పడుగెక్కిన పిదప

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. కంప్యూటరు ప్రోగ్రాము నొకదానిని వ్రాసి పదిమంది చేతులలో పెట్టి చూడుము అని మూడవ మాట కూడ ఆ సామెతకు చేర్చవలెనని 2024వ సంవత్సరమున మాకు తోచినది. తెలుగు పండితునికి ప్రోగ్రాములతో పనియేమి యని చదువరులు అడుగవచ్చును. ఆ పని మేము వెదకికొని పోయినది కాదు. తొమ్మిదవ తరగతి పిల్లలు తెచ్చి మా మెడకు కట్టినది. కట్టిన పిదప విప్పుకొనుటకు మాకే మనసొప్పలేదు.

వరంగల్లులో పండిత శిక్షణ ముగించుకొని మేమీ నగరమునకు వచ్చిన క్రొత్తలో, కామాఠీపురా యని చెప్పినంతనే పెదవి విరుచువారిని పెక్కుమందిని చూచితిమి. పదునెనిమిదవ శతాబ్దాంతము మొదలుకొని నైజాము సీమనుండి వచ్చి, రాళ్లు మోసి, సున్నము కలిపి, ఈ నగరపు కట్టడములకు చెమటయోడ్చిన కామాఠీల పేరే ఈ పేటకు వచ్చినదని వారెరుగరు. అటుపిమ్మట బట్టల మిల్లులు వెలసినప్పుడు పద్మశాలీలు మున్నగువారు తెలంగాణపు జిల్లాలనుండి తరలివచ్చి, ఇచ్చటను, పరేలు, వర్లీ ప్రాంతములలోను చాళ్లలో కాపురములు పెట్టిరి. ఈ చాళ్ల నడవలలో వినవచ్చు తెలుగు మా వాచకములలోని తెలుగు కాదు. దానికి తెలంగాణపు పలుకు ప్రాణము. మరాఠీ, హిందీ భాషలు దానికి ఇరుగుపొరుగులు. మిల్లులనుండి వచ్చిన ఆంగ్లపదములు దూరపు చుట్టములు. బడికి వచ్చు పిల్లవాడు ఇంటి తెలుగును గడపకు ఆవల విడిచి, పుస్తకపు తెలుగును తొడుగుకొని తరగతిలో కూర్చుండును. ఈ సంగతి మాకు మొదటినుండి తెలిసినదే. అయినను చాలకాలము దానిని గూర్చి మేమేమియు చేయలేదు.

2022వ సంవత్సరమున వేసవి సెలవులకు ముందు పిల్లలకొక పని యొప్పగించితిమి. ఇంటిలోని అవ్వతాతల నోటినుండి, వాచకమున కానరాని మాటలు తలకొక పది వ్రాసి తెండని చెప్పితిమి. పదికి మారుగా ముప్పది తెచ్చినవారు కలరు. యాప, ఎండి, దూప, యాది, తల్లె, ఇవి పల్లెలనుండి మూటలతోపాటు వచ్చిన మాటలు. సాంచా, జాబరు, బద్లీ, ఇవి మగ్గములకడను, మిల్లుల గేట్లకడను పట్టుబడిన మాటలు. ఏడాది తిరుగునప్పటికి ఎనిమిదివందలకు పైగా కూడినవి. మా పూర్వవిద్యార్థి యొకడు, నేడొక కార్యాలయమున ప్రోగ్రాములు వ్రాసి బ్రదుకుచున్నవాడు, ఆ నోటుపుస్తకములను చూచి, "సార్, వీటిని బీరువాల పెడితే చెదలు తింటయి. ఫోనుల పెడదాం" అనెను. మాట టైపు చేసినచో అర్థము కనబడవలెను. ప్రక్కనున్న గుర్తును నొక్కినచో ఆ మాట చెప్పిన అవ్వయో తాతయో తమ గొంతుతో దానిని పలుకవలెను. ఇదియే అతని యూహ.

అతడు పెట్టిన షరతు ఒక్కటే. ప్రోగ్రాము మూలమును దాచరాదు. ఓపెన్ సోర్సు అనగా నదియే. నేసిన బట్టతోపాటు నేత లెక్కలను కూడ అంగడిలో పరచుట వంటిది. ఎవరైనను చదువవచ్చును, తప్పు పట్టవచ్చును, దిద్దుకొనవచ్చును, మరియొకరికి ఈయవచ్చును. ఇట్టి స్వేచ్ఛను చట్టము పలుకుబడిలో పెట్టిన గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సును రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో వెలువరించెను. మా పదకోశము కూడ ఆ లైసెన్సు క్రిందనే వెలువడవలెనని నిశ్చయించితిమి. 2024 ఏప్రిల్ 9, ఉగాది, ముహూర్తము. పిలుపు కార్డులు కూడ అచ్చువేయించితిమి. ఆ కార్డులే మాకు సంకెళ్లైనవి.

మార్చి నెల నడుమ, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పదకోశమునుండి రెండు మాటలను తీసి సిరిసిల్లలోని మేనత్తకు ఫోనులో పంపెను. మేనత్తకు చేరినవి తెలుగు మాటలు కావు. ఆంగ్లాక్షరములు, ప్రశ్నార్థకములు, గుర్తులు కలగలిసిన పిచ్చిగీతలు. బాలిక ఆ ఫోను తెరను తెచ్చి మా బల్లమీద పెట్టినప్పుడు, మొదట ఆమె ఫోనునే తప్పుపట్టితిమి. తప్పు మాది. మాటలనన్నిటిని మేము పాత డీటీపీ ఫాంటుతో టైపు చేయించి యుంటిమి. అట్టి ఫాంటులో తెలుగు అక్షరమునకు తనదైన సంఖ్య లేదు. ఆంగ్లాక్షరపు గూటిలో తెలుగు బొమ్మ కూర్చుండును. ఆ ఫాంటు ఉన్నంత సేపు అంతయు చక్కగా కనబడును. అది లేనిచోట ముసుగు తొలగిపోవును. మా ప్రోగ్రాములో ఆ ఫాంటు ఇమిడియుండుటచే మాలో ఒక్కరికిని అనుమానము కలుగలేదు. యూనికోడు 1991 నాటి తొలి వెర్షనునుండియే తెలుగునకు వేరుగా 128 స్థానముల వరుస నొసగియున్నది. దానిలోనికి మార్చవలెనన్న ఎనిమిదివందల మాటలను, వాటి అర్థములను, యంత్రముచే మార్పించి, మరల కంటితో ఒక్కొక్కటిగా చదువవలెను. ఒత్తులకడ యంత్రము తప్పక తడబడును.

ఉగాదికి ఇరువదియైదు దినములు మాత్రమే యున్నవి. ఆ శనివారమునాడు తరగతి గదిలో సభ కూడినది. మా అభిప్రాయమును దాచుకొనము. ముహూర్తము తప్పరాదనియే మేమంటిమి. ఉన్నదానిని ఉన్నట్లు విడుదల చేసి, ఆ పెద్ద మార్పును వేసవిలో తీరికగా చేసికొందమంటిమి. కార్డులు పంచితిమి, పెద్దలను పిలిచితిమి, మాట పలికిన తాతలలో కొందరు ఎనుబది దాటినవారు, ఇవి మా కారణములు. అవి తేలికైనవి కావని నేటికిని అనుచున్నాము. పూర్వవిద్యార్థి మాత్రము తల యడ్డముగా నూపెను. "విడుదలైన రోజు నుంచి పిల్లలు తమ మాటలు తామే చేరుస్తరు సార్. అవన్నీ ఈ పాత ఫాంటులనే చేరుతయి. ఇయ్యాల మనం మార్చాల్సినవి ఎనిమిదివందలు. వేసవిల ఎన్ని అయితయో, ఎవరి ఫోన్లల్ల ఉంటయో మనకే తెల్వదు" అనెను.

ఆ సభలో పిలువని పెద్ద యొకడు వెనుక బెంచీపై కూర్చుండి యుండెను. ఆ బాలిక తాత. మనుమరాలిని ఇంటికి తీసికొనిపోవుటకు వచ్చినవాడు. చిన్ననాట ఊరిలో మగ్గము నేసి, పదునెనిమిదవ యేట ఈ నగరమునకు వచ్చి, పరేలులోని యొక మిల్లులో పని చేసినవాడు. మా పదకోశమున నలుబదికి పైగా మాటలు ఆయన గొంతువే. మేము వాదించుకొనునది ఏమని మనుమరాలి నడిగి, ఆమె చెప్పినది విని, ఆయన ఇట్లనెను: "పడుగు ఎక్కినంక అంచు మారుస్తనంటే నడువదు పంతులూ. పేక రంగంటవా, నడుమల్ల ఎన్నిసార్లన్న మార్చుకో."

నేతపని యెరుగని చదువరుల కొరకు రెండు మాటలు. నిలువు పోగులు పడుగు, అడ్డపు పోగులు పేక. పోగులెన్ని, పన్నా ఎంత, అంచు ఎంత యను లెక్కలు పడుగు మగ్గమున కెక్కుటకు పూర్వమే తేలిపోవలెను. ఆ పిదప వానిని మార్చబూనినచో పోగులన్నియు కోసి మొదటికి రావలసినదే. పేక సంగతి అది కాదు. ఒక కండె తీసి వేరొక కండె పెట్టినచో రంగు మారును, బట్టకు హాని లేదు. ఏది పడుగు, ఏది పేక యని తేల్చుకొనుటయే మా సభ చేయవలసిన పని. అక్షరములను దాచు విధానము పడుగేనని తేలినది. విడుదల యనగా పడుగును మగ్గమున కెక్కించుటయే కనుక, మార్చదలచినచో ఆ దినమే మార్చవలెను.

మా మనసు అప్పటికిని పూర్తిగా సమాధానపడలేదు. అప్పుడు పూర్వవిద్యార్థి కొరియావారి కథ చెప్పెను. యూనికోడు రెండవ వెర్షను 1996లో వెలువడినప్పుడు, కొరియా లిపిలోని అక్షర సముదాయములను అంతకు ముందున్న చోటునుండి పెరికివైచి, 11,172 సంఖ్యగా క్రొత్తచోట నెలకొల్పిరి. పాత సంఖ్యలతో దాచుకొన్న వ్రాతలు క్రొత్త విధానమున చదువరానివాయెను. ఆ దెబ్బతో నియమమొకటి ఏర్పడినది. ఒకసారి సంఖ్య పొందిన అక్షరమును ఇక కదల్పరు, తొలగింపరు. క్రొత్తవానిని చేర్చుట మాత్రము కలదు. మన నకారపొల్లు 2021లో వెలువడిన పదునాలుగవ వెర్షనులో ఆ విధముగనే చోటు సంపాదించినది. వ్యాకరణము చెప్పుకొని బ్రదుకు మాకు ఈ వార్త బంధువు పెండ్లి వార్త వలె వినబడినది. పూర్వవిద్యార్థి మాత్రము మా సంతోషమునకు నిలువక, "మనకు యూనికోడోళ్లంత పెద్ద తప్పు చేసే అవకాశం దొరికింది సార్. వదులుకుందాం" అని నవ్వెను.

ఉగాది విడుదల ఆగిపోయినది. పిలిచినవారి యిండ్లకు మేమే స్వయముగా పోయి, విషయము చెప్పి వచ్చితిమి. ఒక్కరును కోపగింపలేదు. ముహూర్తము తప్పినందులకు సిగ్గుపడినవారము మేము మాత్రమే. ఆ దిగులులో మాకు ఊరటయైనది ఉబుంటువారి యుదంతము. ఏటేట ఏప్రిలు, అక్టోబరు నెలలలో విడుదల చేయుట వారి యాచారము. 2006లో మాత్రము, ఆ వెర్షనును ఏండ్ల తరబడి నిలుపవలసియున్నదను తలంపుతో, ఆరు వారములు వెనుకకు జరిపి జూను 1న వెలువరించిరి. డెబియన్ వారి పద్ధతి ఇంకను నిబ్బరమైనది. వారు దినము ముందుగా పెట్టుకొనరు. మార్పులకు తలుపులను ఒకటి తరువాత ఒకటిగా మూసికొనుచు వత్తురు. వారి పదుమూడవ వెర్షనుకు 2025 మార్చి నెలలో మొదటి తలుపు మూసి, ఆగస్టు 9న విడుదల చేసిరి. పని ముగిసిన పిదప ముహూర్తము పెట్టుకొను ఆ ధైర్యము బడి పంతుళ్లకు దొరకదు. మాకు పరీక్షలు, సెలవులు, జెండా పండుగలు, అన్నియు దినములు కట్టుకొనియే పుట్టినవి. లినక్స్ కెర్నెలు వారిది మా నడవడికి దగ్గరైన యేర్పాటు. క్రొత్త సంగతులకు రెండు వారములు తలుపు తెరచియుంతురు. మూసిన పిదప ఆరేడు వారములు దోషములు దిద్దుటయే గాని క్రొత్త మాట లేదు. మా పిల్లలు దీనినే స్వీకరించిరి. విడుదల ఆగస్టు 29న. మాటలకు తలుపు మూయునది ఆగస్టు 10న. ఆ పిదప ప్రోగ్రామును నిలిపివేయు దోషములకు మాత్రమే మందు. బ్లాకుబోర్డు ప్రక్కన ఆ తేదీలు వ్రాసిన అట్ట వ్రేలాడినది.

మాటలకు అంత ముందుగా తలుపు ఏల మూయవలెనని మేమే అడిగితిమి. దానికి జవాబు మాకు తెలిసియుండవలసినదే. గ్నోమ్ వంటి పెద్ద సాఫ్టువేరులను తెలుగు చేయువారు పెక్కుమంది స్వచ్ఛందముగా పనిచేయువారు. అందుచే గ్నోమ్ వారు విడుదలకు కొన్ని వారముల ముందే తెరపై కనబడు వాక్యములను మార్చరాదని నియమము పెట్టుకొనిరి. మార్చక తప్పనిచో అనువాదకుల యనుమతి వేడవలెను. ఏలయన, మూలములోని వాక్యమున ఒక్క విరామ చిహ్నము మారినను దానికి చేసిన తెలుగు సందేహాస్పదమై ప్రక్కకు తొలగును. దాని స్థానమున ఆంగ్లమే వచ్చి నిలుచును. మా కంప్యూటరు గదిలో సగము తెలుగు, సగము ఆంగ్లముగా కనబడు మెనూలను చూచి, చివరి గడియలో మాట మార్చు ఆ దొరలెవ్వరో గాని వారికి తెలుగుపిల్లల కష్టము పట్టదని మేము తరగతిలో పలుమారులు విసుగుకొని యుంటిమి. ఆ విసుగును పిల్లలు జ్ఞాపకముంచుకొనిరి.

మార్పిడి పని ఏప్రిలు, జూను నెలలలో సాగినది. దానిని గూర్చి చెప్పవలసినది తక్కువ. ఎండ, ఉక్క, ఒత్తులు. ఇద్దరు చదువగా ఇద్దరు చూచిరి. జూలై చివరికి ముగిసినది. ఆగస్టు 10 సాయంకాలము తలుపు మూసితిమని బాలిక అట్టపై ఎర్రసిరాతో గీత గీసెను.

ఆగస్టు 24, శనివారము. రాత్రి భోజనమైన పిదప శబ్దపట్టికను మరియొకమారు చదువ మొదలిడితిమి. శబ్దపరిశీలనము మా వంతు కావున దాని తాళము, అనగా పాసువర్డు, మాకు కలదు. ఇరువదియేండ్లుగా కాంపోజిషను పుస్తకములు దిద్దిన కన్ను ఊరకుండునా? యాప యనుచోట వేప యుండవలెను గదా యనిపించినది. ఎండి యనుచోట వెండి. అట్లు చూచుకొనుచు పోగా బద్లీ కనబడినది. దానిని వ్రాతతప్పుగా తలచి, బదిలీ యని దిద్దితిమి. ఇట్టివి నలుబదిమూడు. ఇంటి పలుకును అర్థములో ఒక మూలకు చేర్చి, సాధురూపమును శీర్షపదముగా నిలిపితిమి.

తలుపు మూసిన సంగతి మేమెరుగమా? ఎరుగుదుము. కాని మనసునకు చెప్పుకొనుటకు ఒక సాకు దొరికినది. అదియు పూర్వవిద్యార్థి చెప్పిన కథయే. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' యను అక్షరము ఒక విధమైన కూర్పుతో వచ్చినప్పుడు ఐఫోనులలోని సందేశపు ప్రోగ్రాములు కూలిపోయినవి. ఆపిల్ వారి తరువాతి పెద్ద వెర్షను 11.3 పరీక్షలో ఉన్నది. దానిలో ఆ దోషము లేదు. అయినను దానికై వేచియుండక, ఫిబ్రవరి 19నాడే 11.2.6 అను చిన్న వెర్షనును ఆ దోషమునకై విడుదల చేసిరి. పెద్దది మార్చి 29నకు గాని రాలేదు. తప్పు దిద్దుటకు తలుపు అడ్డురాదని ఆనాడు మా శిష్యుడే చెప్పెను గదా యని మమ్ము మేము ఒప్పించుకొంటిమి. కూలిపోవు ఫోనునకును, మా చెవికి ఇంపుకాని మాటకును గల భేదము ఆ రాత్రి మాకు స్ఫురింపలేదు. నిజము చెప్పవలెనన్న, స్ఫురించినను త్రోసివైచితిమి.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి జన్మదినము. 1863లో జన్మించి, జనుల వాడుకభాషకు వ్రాతలో చోటు కలుగవలెనని జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని పేర తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. అట్టి దినమునకు ఐదు రోజులు ముందు మేము చేసిన ఘనకార్యమిది. ఇప్పుడీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచున్నందులకు కూడ పిల్లలు నవ్వుచున్నారు. నవ్వనిండు.

సభకు నూరుమందికి తక్కువగాక వచ్చిరి. తాత మొదటి వరుసలో, ఉదికిన తెల్లచొక్కాతో కూర్చుండెను. మనుమరాలు ఫోను తెరను గోడపై వెలుగునట్లు చేసి, "మా తాత మాటతోని మొదలుపెడుతున్న" అని చెప్పి, బద్లీ యని టైపు చేసెను. ఆ మాట లేదని తెర చెప్పినది. ఆమె మరల టైపు చేసెను. మరల లేదన్నది. వెనుకనుండి ఎవరో బదిలీ యని కొట్టి చూడుమనిరి. కొట్టగా వచ్చినది. 'మరియొక కార్మికుడు రాని దినమున అతని స్థానమున పనికి పిలువబడువాడు' అని అర్థము కూడ వచ్చినది. ప్రక్కనున్న గుర్తును నొక్కెను. గొంతు రాలేదు. గొంతు ఫైలునకు పేరు బద్లీ. శీర్షపదమును పట్టి వెదకు ప్రోగ్రామునకు అది దొరకలేదు. మేము దిద్దిన నలుబదిమూడు మాటలకును నోరు పడిపోయినది.

తాత లేచి నిలుచుండి, తెరవంక కొంతసేపు చూచి, మావైపు తిరిగి, నెమ్మదిగా ఇట్లనెను: "బదిలీ గాదు పంతులూ, బద్లీ. బదిలీ అయ్యేటోనికి నౌకరి ఉంటది. మాకేడిది?"

ఆ మాటలోని చరిత్రను సభలోని పెద్దలందరు ఎరుగుదురు. బద్లీ కార్మికుడు ప్రతి ఉదయమున కార్డు చేతబట్టి మిల్లు గేటుకడ నిలువవలెను. పర్మనెంటు కార్మికుడెవ్వడైనను రానిచో ఆ దినమునకు పని. అందరును వచ్చినచో వట్టిచేతులతో ఇంటికి. అట్లు ఏండ్లు గడపి, పర్మనెంటు అగుదుమను ఆశతో ఉన్నవారిని 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మె కబళించినది. దత్తా సామంత్ నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మె పిదప పెక్కుమందికి గేటు మరల తెరువబడలేదు. తాత వారిలో ఒకడు. వ్రాతతప్పని మేము దిద్దినది ఆయన పండ్రెండేండ్ల యౌవనమును.

పండితులమైన మేము ఆ సభలో ఏమి చేసితిమో కూడ చెప్పవలెను. మేమే దిద్దితిమని చెప్పలేదు. "ఏదో సాంకేతిక లోపము" అని గొణిగితిమి. పిల్లలు తలలు వంచుకొనిరి. తప్పు తమదేయని వారనుకొనిరి. ఆ సాయంకాలము పూర్వవిద్యార్థి మూలము తెరచి చూచెను. ఓపెన్ సోర్సు పనిలో చిత్రగుప్తుని చిట్టా యొకటి యుండును. ఏ మాటను ఎవరు, ఏనాడు, ఏ గంటకు మార్చిరో దానియందు తప్పక నిలుచును. ఆగస్టు 24, రాత్రి పది దాటినది, మా పేరు. అతడు మమ్మేమియు అనలేదు. తెరను మావైపు త్రిప్పి ఊరకుండెను. మరునాడు పదవ తరగతిలో ప్రార్థనానంతరము పిల్లలకు ఉన్నదున్నట్లు చెప్పితిమి. బాలిక ఒక్క ప్రశ్న వేసెను: "తలుపు మూసినమని తెల్సి కూడ మార్చిండ్రా సార్?" తెలిసియే యంటిమి.

దిద్దుబాటు ఎట్లను దానిపై మరల చర్చ జరిగినది. నలుబదిమూడింటిలో మూడు నిజముగా వ్రాతతప్పులే. ఒకచోట పొల్లు తప్పినది, రెండుచోట్ల దీర్ఘము పోయినది. ఆ మూడింటినైనను ఉంచుమని మేము బతిమాలితిమి. పూర్వవిద్యార్థి ఒప్పుకొనలేదు. ఏరుకొనుచు కూర్చున్నచో మరల క్రొత్త తప్పు దొరలుననియు, పట్టికను మొత్తముగా ఆగస్టు 24 ఉదయమున ఉన్న స్థితికి తీసికొని పోవుటయే క్షేమమనియు చెప్పెను. ఆ మూడును తరువాతి వెర్షనుకు ఆగవలసినదే. తప్పని తెలిసిన వ్రాతను తెలిసి విడుదల చేయుట పండితునికి ఎంత కష్టమో చదువరులు ఊహింపగలరు. ఆగస్టు 31న 1.0.1 వెర్షను వెలువడినది. దానిలో క్రొత్త సంగతి ఒక్కటియు లేదు. పోయిన నలుబదిమూడు గొంతులు తిరిగి వచ్చుట మాత్రమే.

తాత కుటుంబము సెప్టెంబరులో భివండీకి తరలిపోయినది. కొడుకునకు అక్కడ సాంచాలపై పని దొరికినదట. చాలు ఖాళీ చేయు ముందు రోజున మేము వారి గదికి పోతిమి. సామానంతయు మూటలు కట్టియున్నది. బాలిక ఫోను తీసి, బద్లీ యని టైపు చేసి, గుర్తును నొక్కెను. ఆ చిన్నగదిలో ఆయన గొంతు ఆయనకే వినబడినది. తాత మూటపై కూర్చుండి విని, "ఇంకోపారి ఎయ్యి" అనెను. ఆమె మరల నొక్కెను. మేము క్షమాపణము చెప్పుటకై పోయినవారము. ఎట్లో చెప్పితిమి. ఆయన చాయ త్రాగుమని కప్పు అందించెను.

తరువాతి వెర్షను పని ఇప్పుడు జరుగుచున్నది. మాటలకు మరాఠీ అర్థములు కూడ చేర్చవలెనని పిల్లల కోరిక. అది పడుగా, పేకయా యని రెండు వారములు వాదించుకొని, పడుగేనని తేల్చి, మొట్టమొదటనే పెట్టుకొనిరి. శబ్దపట్టిక పాసువర్డు తలుపు మూసిన దినమునుండి పనిచేయకుండునట్లు పూర్వవిద్యార్థి ఏర్పాటు చేసెను. అది మాకొరకే యని వేరుగా చెప్పనక్కరలేదు. ఈసారి మా సవరణలను తలుపు మూయుటకు నెల ముందుగానే కాగితముపై వ్రాసి పిల్లలకు సమర్పించితిమి. మొత్తము పదునొకండు. ఆ మూడు వ్రాతతప్పులతో కలిపి ఏడింటిని అంగీకరించిరి. నాలుగింటిని త్రోసిపుచ్చిరి. ఆ నాలుగింటిలో రెండింటిని గూర్చి మేమింకను వాదించుచునే యున్నాము. గడువు ఇంకను పదునెనిమిది దినములున్నది.